డ్రాడౌన్ 12 శాతం అన్నారు, బాబాయ్‌కి లెక్కేస్తే 42 వచ్చింది: ఒక నిఫ్టీ ఫ్యూచర్స్ సిస్టమ్ రివ్యూ

అందరికీ నమస్కారం. ఇవాళ చూడబోయేది ఒక నిఫ్టీ ఫ్యూచర్స్ ట్రేడింగ్ సిస్టమ్. నిఫ్టీ అంటే యాభై పెద్ద కంపెనీల షేర్ల సూచీ, అది పెరుగుతుందా పడుతుందా అన్నదాని మీద ముందే కుదుర్చుకునే కాంట్రాక్టు ఫ్యూచర్స్, ఎప్పుడు కొనాలో ఎప్పుడు అమ్మాలో చెప్పే నియమాలే సిస్టమ్. అమ్మేవాళ్ల పేరు చెప్పను. ఇలాంటి రిపోర్టే రేపు ఇంకో పేరుతో మీ వాట్సాప్‌కి వస్తుంది, అప్పుడు లెక్క ఎక్కడ చూడాలో తెలిస్తే చాలు.

ఇది నా దగ్గరికి ఎలా వచ్చిందంటే, గుంటూరు బ్రాడీపేటలో ఉండే మా బాబాయ్ పోయినేడు రిటైర్ అయ్యాడు. వచ్చిన గ్రాట్యుటీలో 5 లక్షలు పక్కన పెట్టుకుని, పద్దెనిమిది పేజీల రిపోర్టు ప్రింటు తీయించుకుని మా ఇంటికొచ్చాడు. మొదటి పేజీలో గీత ఎడమ నుంచి కుడికి ఎక్కుతూనే ఉంది, దాని కింద 14 లక్షలు అన్న అంకె చుట్టూ ఆయనే పెన్సిల్‌తో సున్నా చుట్టాడు. "ఏడేళ్లలో 5 లక్షల మీద 14 లక్షల లాభం అంట్రా, చేరమంటావా?" అన్నాడు. "రెండ్రోజులు టైమ్ ఇవ్వు బాబాయ్" అన్నాను. తొమ్మిది రోజులు పట్టింది.

సిస్టమ్ సింపుల్. 13 రోజుల సగటు ధర పైన నిఫ్టీ క్లోజ్ అయితే కొనాలి, కింద క్లోజ్ అయితే అమ్మాలి (ఫ్యూచర్స్‌లో చేతిలో లేకపోయినా ముందే అమ్మొచ్చు, పడితే లాభం, పెరిగితే నష్టం), ఎప్పుడూ ఏదో ఒక వైపు ఉంటుంది. 2017 జనవరి నుంచి 2023 డిసెంబర్ దాకా పాత ధరల మీద నడిపిన లెక్క ఇది: ఒక లాట్ (ఒకసారికి వేయాల్సిన కనీస పరిమాణం), 75 లెక్కన, అంటే నిఫ్టీ ఒక పాయింట్ కదిలితే 75 రూపాయలు, మొత్తం 210 ట్రేడ్లు. అందులో గెలిచినవి 39 శాతమే, దానికి కంగారు పడక్కర్లేదు. ట్రెండ్ సిస్టమ్ (మార్కెట్ ఎటు పోతుంటే అటే పోయేది) అంటే అంతే, ఓడినప్పుడు కొంచెం పోయి గెలిచినప్పుడు గట్టిగా రావాలి. గరిష్ట డ్రాడౌన్ 12 శాతం అని రాశారు.

ఇక్కడ ఆగుదాం. డ్రాడౌన్ అంటే అకౌంట్ ఒక ఎత్తుకి వెళ్లాక అక్కడి నుంచి ఎంత కిందికి దిగిందన్నది. ట్రేడ్ లాగ్ అడిగి తెప్పించుకుని రోజువారీగా ఎక్సెల్‌లో వేసి చూశాను. అతి పెద్ద దిగుడు 2022లో వచ్చింది, నిఫ్టీ పైకీ కిందికీ ఊగిన ఏడాది అది. 2,800 పాయింట్లు, అంటే 2 లక్షల 10 వేలు. అప్పటికి అకౌంట్‌లో 17 లక్షల 50 వేలు ఉన్నాయి కాబట్టి 12 శాతం. వాళ్లేం అబద్ధం రాయలేదు. కానీ ఆ 12 శాతం 2017 నుంచి లోపల కూర్చుని, లాభం కూడబెట్టుకున్నవాడి లెక్క. మా బాబాయ్ ఇవాళ 5 లక్షలతో చేరతాడు. అదే 2 లక్షల 10 వేలు చేరిన మర్నాటి నుంచే పోవడం మొదలైతే ఆయనకి 42 శాతం. మిగిలిన 2 లక్షల 90 వేలు మళ్లీ 5 లక్షలు కావాలంటే 72 శాతం లాభం రావాలి. రిపోర్టులో ఆ గుంట పూడ్చుకోవడానికే 17 నెలలు పట్టింది. రిటైర్ అయిన మనిషి 17 నెలలు నష్టం చూస్తూ, రోజూ చెప్పినట్టు ట్రేడ్ వేస్తూ కూర్చోగలడా, మీరే చెప్పండి.

ఇంకోటి. అప్పుడు నిఫ్టీ 17 వేల దగ్గర ఉంది. 25 వేల దగ్గర అదే స్థాయి ఊపు వస్తే 2,800 కాస్తా 4,100 పాయింట్లు అవుతుంది. లాట్ సైజ్ 75 నుంచి 50కి, తర్వాత 25కి, మళ్లీ 75కి, ఇప్పుడు 65కి వచ్చింది కాబట్టి పాత రిపోర్టులో రూపాయలు చూడకండి, పాయింట్లు చూడండి. 65తో గుణించినా 2 లక్షల 66 వేలు, సగం పైన పోయినట్టే.

సరే, లాభం సంగతి. లాగ్‌లో ఒక వరుస దగ్గర నాకు అనుమానం వచ్చింది. ఎక్స్‌పైరీ (ఆ నెల కాంట్రాక్టు ముగిసే రోజు) గురువారం సిస్టమ్ కొని ఉంది, శుక్రవారం వరుసలో 82 పాయింట్ల లాభం వేశారు, ఆ రోజు మార్కెట్ చూస్తే కదల్లేదు. సంగతేంటంటే పాత నెల కాంట్రాక్టు ధర పక్కన కొత్త నెల కాంట్రాక్టు ధర అతికించేశారు. కొత్త నెలది మామూలుగా కొంచెం ఎక్కువ ఉంటుంది కదా, ఆ తేడాని లాభం అనుకుంది కంప్యూటర్. నిజంగా మీరు చేసేది పాతది తక్కువకి అమ్మి కొత్తది ఎక్కువకి కొనడం, చేతికి పైసా రాదు. 84 ఎక్స్‌పైరీలూ ఒక్కొక్కటిగా చూశాను. అమ్మి ఉన్నప్పుడు ఇదే తప్పు దొంగ నష్టం చూపించింది, అది కూడా సర్దితే నికరంగా 1,900 పాయింట్లు, లక్షా 42 వేల 500 రూపాయలు గాల్లో లాభం.

ఖర్చులు సున్నా వేశారు. బ్రోకరేజీ, ఎస్‌టీటీ (లావాదేవీ మీద ప్రభుత్వం వేసే పన్ను), అనుకున్న ధరకి కాకుండా రెండు మూడు పాయింట్ల తేడాతో ఆర్డర్ పడటం, అన్నీ కలిపి నేను ట్రేడ్‌కి వెయ్యి వేశాను, 2 లక్షల 10 వేలు పోయాయి. ఎస్‌టీటీ ఒక్కటే 2024 అక్టోబర్ 1న 0.0125 నుంచి 0.02 శాతానికి పెరిగింది.

తర్వాత 13 బదులు 12 పెట్టి నడిపాను, 14 పెట్టి నడిపాను. ఖర్చులు వేయకముందే లాభం దాదాపు సగానికి వచ్చేసింది. ఒక్క రోజు తేడాకి సగం పడిపోయేదాన్ని పాత డేటాకి కొలతలు తీసి కుట్టిన చొక్కా అనుకోవాలి. మన దగ్గర పోయినేడు యార్డులో రేటు చూసి ఈ ఏడు పొలమంతా మిర్చి వేసినవాళ్లకి ఈ బాధ తెలుసు.

రిపోర్టు 2023తో ఆగింది కదా, నేను ముందుకి నడిపాను. 2024 మే 31న నిఫ్టీ 22,530, సిస్టమ్ అమ్మి ఉంది. జూన్ 3న ఎగ్జిట్ పోల్స్ చూసి మార్కెట్ 733 పాయింట్లు పెరిగింది, అది నష్టం, క్లోజింగ్‌లో సిస్టమ్ కొనేసింది. జూన్ 4 మనందరికీ గుర్తే, మన అసెంబ్లీ ఫలితాలు కూడా ఆ రోజే, ఇంటింటా టీవీ. నిఫ్టీ 1,379 పాయింట్లు పడింది. సాయంత్రానికి సిస్టమ్ మళ్లీ అమ్మింది. జూన్ 5న 736 పెరిగింది. మూడు రోజుల్లో మూడు దెబ్బలు, మొత్తం 2,848 పాయింట్లు. ఏడేళ్ల రిపోర్టులోని గరిష్ట దిగుడుకంటే ఈ మూడు రోజులే పెద్దవి. ఇవి ఇండెక్స్ క్లోజింగ్ అంకెలు, కాగితం మీద మీరూ వేసి చూసుకోవచ్చు. 65 లాట్‌కి లక్షా 85 వేలు. నిద్ర పట్టదు.

ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో మామూలు ట్రేడర్లలో 93 శాతం మంది 2022 నుంచి 2024 దాకా మూడు ఆర్థిక సంవత్సరాల్లో నష్టపోయారని షేర్ మార్కెట్‌ని నియంత్రించే సెబీయే 2024 సెప్టెంబర్‌లో చెప్పింది. కాబట్టి ఎవరైనా గీత చూపిస్తే సెబీ రిజిస్ట్రేషన్ నంబర్, పూర్తి ట్రేడ్ లాగ్ అడగండి, స్క్రీన్‌షాట్లు వద్దు.

నా మాట: ఈ సిస్టమ్‌లో కొంచెం పస ఉంది. ఒక లాట్‌కి 15 లక్షలు పెట్టి, అందులో 4 లక్షలు పోయినా ఇల్లు గడుస్తుందనుకునేవాళ్లు ఆలోచించొచ్చు. 5 లక్షలతో అయితే వద్దు. ఎక్సెల్ షీట్ ముందు కూర్చోబెట్టి ఆ మూడు రోజులూ చూపించాక బాబాయ్ రిపోర్టు మడిచి సంచిలో పెట్టుకున్నాడు, డబ్బు పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ స్కీములో వేశాడు. నేను ఈ సిస్టమ్‌ని డబ్బు పెట్టకుండా కాగితం మీద ఆరు నెలలు నడుపుతాను, ప్రతి ఎక్స్‌పైరీ తర్వాత లాగ్ మొత్తం మీ ముందు పెడతాను. మీ దగ్గర ఇలాంటి రిపోర్టు ఉంటే పంపండి, అదీ చూద్దాం.