పార్కు గేటు ఎవరి కోసం తెరుచుకుంటోంది?

[దృశ్యం: తెల్లవారుజాము. కేబీఆర్ పార్కు దగ్గర వాకింగ్‌కి వచ్చినవాళ్లు, వాళ్ల కార్లు.]

నమస్తే. హైదరాబాద్‌లో జూబ్లీహిల్స్, బంజారాహిల్స్ మధ్య దాదాపు 390 ఎకరాల అడవి ఉంది, అదే కేబీఆర్ పార్కు. 1998లో దాన్ని నేషనల్ పార్కుగా ప్రకటించారు. ఇంత పెద్ద నగరంలో అంత పచ్చదనం మిగలడం అదృష్టమే. మరి ఆ చుట్టుపక్కల ఇళ్లలో పనిచేసే అక్క ఏ వేళకు వచ్చి అక్కడ నడవాలి? పొద్దున్నే ఆమె అంట్లు తోముతూ ఉంటుంది. సాయంత్రం మళ్లీ పని. కాస్త ఖాళీ దొరికేది మధ్యాహ్నం. మన పార్కులు చాలావరకు తాళం వేసి ఉండేది కూడా అప్పుడే.

టిక్కెట్ సంగతీ అంతే. మనిషికి ఇరవై రూపాయలనుకుందాం. ఐదుగురున్న ఇంటికి వంద, పైన ఆటో ఖర్చు. రోజుకూలీ మీద బతికే ఇల్లు ఆ డబ్బు పార్కు మీద పెట్టదు.

[దృశ్యం: స్క్రీన్ మీద ఒక లేఅవుట్ ప్లాన్. ఓపెన్ స్పేస్ ఆకుపచ్చ రంగులో.]

అసలు కొన్ని వాడల్లో పార్కే ఎందుకు ఉండదు? నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే ప్రశ్న ఇదే. అనుమతి తీసుకుని లేఅవుట్ వేసినప్పుడు, అంటే భూమిని ప్లాట్లుగా విడగొట్టినప్పుడు, సాధారణంగా పదో వంతు స్థలం ఓపెన్ స్పేస్ కింద వదలాలి. కాలనీ పార్కులు ఎక్కువగా వచ్చింది అలాగే. బస్తీకి లేఅవుట్ ఎక్కడిది? పనికోసం వచ్చినవాళ్లు దొరికిన జాగాలో గుడిసె వేసుకున్నారు, ఆ పక్కన ఇంకొకరు. ఆకుపచ్చ రంగు వేయడానికి వాళ్లకసలు ప్లానే లేదు. అందుకే ఇరుకిళ్లలో ఉండి ఆరుబయలు ఎక్కువ అవసరమైన పిల్లలే బైకుల మధ్య గల్లీలో క్రికెట్ ఆడుతున్నారు.

[దృశ్యం: పార్కు గేటు, దగ్గర నుంచి.]

ఈ గేటు చూడండి. బైకులు లోపలికి రాకుండా ఇనుప గొట్టాలు అడ్డంగా పాతారు. మనిషి పక్కకు తిరిగి దూరాలి. వీల్‌చైర్ దూరదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ అక్కడే ఆగిపోతుంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం వినోదంలో అందరితో సమానంగా పాల్గొనే హక్కు ఇచ్చింది. ఆ హక్కును ఈ నాలుగు గొట్టాలు ఆపేస్తున్నాయి. లోపల ఆడవాళ్లకు శుభ్రమైన టాయిలెట్ లేకపోతే వాళ్లు అరగంటకే ఇంటిదారి పడతారు.

[దృశ్యం: రాజ్యాంగం పీఠిక ఉన్న పేజీ.]

బహిరంగ స్థలంలోకి ఎవరు రావచ్చన్నది మన దేశంలో పాత పోరాటం. మహారాష్ట్రలోని మహాడ్‌లో దళితులను నీళ్లు ముట్టనివ్వని చవదార్ చెరువును అందరికీ తెరుస్తున్నామని మున్సిపాలిటీ 1924లోనే తీర్మానించింది. అమలు మాత్రం కాలేదు. 1927 మార్చి 20న అంబేద్కర్ వేలమందితో నడిచి వెళ్లి ఆ నీళ్లు తాగారు. తర్వాత రాజ్యాంగంలోని 15వ అధికరణం బావులు, చెరువులు, రోడ్లతో పాటు ప్రభుత్వ డబ్బుతో నడిచే, ప్రజలు కూడే చోట్లను కూడా వివక్ష చూపకూడని జాబితాలో చేర్చింది. కులం, మతం, లింగం పేరుతో అక్కడ ఎవరినీ ఆపకూడదు. అయినా 2021లో హైదరాబాద్ ఇందిరా పార్కు దగ్గర పెళ్లికాని జంటలకు ప్రవేశం లేదని బ్యానర్ కట్టారు. జనం గట్టిగా అడిగాకే తీసేశారు.

కోర్టులు కూడా పార్కుల పక్షాన నిలబడ్డ సందర్భాలున్నాయి. బెంగళూరులో పార్కు కోసం వదిలిన స్థలాన్ని ప్రైవేట్ నర్సింగ్ హోమ్‌కి ఇస్తే అక్కడివాళ్లు కేసు వేశారు. 1991లో సుప్రీంకోర్టు ఆ కేటాయింపు చెల్లదంది. గెలిచినందుకు సంతోషమే. కానీ అది బాగా స్థిరపడినవాళ్ల కాలనీ. ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగే స్తోమత బస్తీవాళ్లకు ఉండదు. వాళ్ల తరఫున అడగాల్సిన బాధ్యత మున్సిపాలిటీది. పార్కులు, ఆటస్థలాలు దాని పనుల్లోకి వస్తాయని 74వ రాజ్యాంగ సవరణ స్పష్టంగా రాసింది.

[దృశ్యం: తెల్లకాగితం మీద చేత్తో రాసిన దరఖాస్తు.]

మీ వార్డులో ఓపెన్ స్పేస్‌లు ఎన్ని, ఎక్కడ, ఇప్పుడు వాటిలో ఏముంది? మధ్యాహ్నం పార్కు మూయాలని ఎవరు ఆర్డర్ ఇచ్చారు? ఈ రెండు ప్రశ్నలు రాసి సమాచార హక్కు చట్టం కింద మున్సిపల్ ఆఫీసులో ఇవ్వండి. ఫీజు పది రూపాయలు. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవాళ్లకు అదీ లేదు, ఆధారం జతచేస్తే చాలు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. జవాబు వచ్చాక ఆ కాగితం పట్టుకుని మీ కార్పొరేటర్ దగ్గరికి వెళ్లండి. వెళ్లేటప్పుడు బస్తీ ఆడవాళ్లను కూడా వెంట తీసుకెళ్లండి.