పిండిమర బోర్డు మీద ‘నైసు’ తప్పు కాదు!

నమస్కారం. నెల్లూరు పిండిమర బోర్డు ఫోటో ఈపాటికి మీ ఫోన్లకూ చేరే ఉంటుంది. ‘ఇచ్చట పిండి నైసుగా ఆడబడును’ అని రాసిన పాపానికి ఒకటే వెక్కిరింతలు. నైస్ అంటే మంచి అట, పిండిని మంచిగా ఆడడమేమిటట, మనవాళ్లకు ఇంగ్లిషు రాదట! నేను ఒకటే చెబుతున్నాను. ఆ బోర్డులో తప్పు లేదు. నవ్వినవాళ్లకే ఆ మాట పుట్టుపూర్వోత్తరాలు తెలియవు.

లాటిన్‌లో ‘నెస్కియుస్’ అని ఒక మాట ఉంది. ‘నె’ అంటే లేదు, ‘స్కిరే’ అంటే తెలియడం. కలిపితే ఏమీ తెలియనివాడు. అది ఫ్రెంచి మీదుగా 1300 ప్రాంతంలో ఇంగ్లిషులోకి దిగింది. అప్పట్లో ఒక మనిషిని నైస్ అంటే మూర్ఖుడని తిట్టినట్టే! ఇంకో విచిత్రం వినండి. సైన్స్ అనే మాటకు మూలం కూడా ఆ ‘స్కిరే’నే. తెలియడం సైన్స్ అయింది, తెలియకపోవడం నైస్ అయింది. రెండూ ఒకే తల్లి బిడ్డలు!

ఆ తర్వాత పిరికి అన్నారు, ప్రతిదానికీ వంకలు పెట్టే మనిషి అన్నారు. 1400 ప్రాంతంలో నాజూకు, సున్నితం అనే అర్థం వచ్చింది. 1500ల్లో సూక్ష్మం, కచ్చితం. ఇంపైనది, బాగున్నది అనే అర్థం 1700ల్లో గానీ నిలదొక్కుకోలేదు. మరి మీరు పట్టుకుని వేలాడుతున్న అర్థమే కదా అందరికంటే చిన్నది!

ఇప్పుడు మరలోకి రండి. జంతికలకు బియ్యం ఆడించేటప్పుడు మరాయన ఏం చేస్తాడు? గొట్టం కింద చెయ్యి పెట్టి, చిటికెడు పిండిని బొటనవేలితో నలుపుతాడు. పలుకు తగిలితే ‘ఇంకా బరకగా ఉందమ్మా’ అని మళ్లీ తొట్టిలో పోస్తాడు. పలుకు తగలకపోతే అది నైసు. నాజూకు, సూక్ష్మం, రెండర్థాలూ ఆ రెండు వేళ్ల మధ్యే ఉన్నాయి! ఇంగ్లిషువాళ్లు రోజువారీ మాటల్లో దాదాపు వదిలేసిన అర్థాన్ని మన మర బతికించింది.

అది మన దాకా ఎలా వచ్చిందంటారా? నా సిద్ధాంతం చెబుతాను, కాదనేవాళ్లు వాదనకు రండి. మద్రాసు కంటే ముందే, 1626లో, ఈస్టిండియా కంపెనీ పాత నెల్లూరు జిల్లా తీరంలోని దుగరాజపట్నంలో దిగింది. ఆర్మగాన్ అన్నది ఆ ఊరినే. వచ్చింది ప్రధానంగా బట్టల కోసం. నేత సన్నమా ముతకా అని వేళ్లతో తడిమి చూడకుండా ఎవరూ బట్ట కొనరు. ఆ బేరాల్లోనే దొరల నోటి ‘నైస్’ మన నేతగాళ్ల చెవిన పడిందనీ, బట్ట నుంచి పిండికి పాకిందనీ నా గట్టి నమ్మకం.

కావలి, కందుకూరు, అద్దంకి, కనిగిరి వాళ్లందరినీ అడుగుతున్నాను. మీ ఇళ్లలో పెద్దవాళ్లు చీరను గానీ పంచెను గానీ ‘నైసు గుడ్డ’ అనేవారా? అంటే ఏ ఊరో, ఏ బట్టో కింద రాయండి. వచ్చే వీడియోలో ఒక్కొక్కటే చదువుతాను.