సున్నాకి ముందు ఏం జరుగుతోంది?

(చెన్నైలో తెలుగు విద్యార్థుల సభలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

సూపర్ కండక్టర్, అంటే బాగా చల్లబరిస్తే కరెంటుకి అడ్డు (రెసిస్టెన్స్) సున్నా అయ్యే పదార్థం, అనగానే మీకు గాల్లో తేలే అయస్కాంతం గుర్తొస్తుంది. ఈరోజు దాని జోలికి పోను. రెసిస్టెన్స్ సున్నా కావడం కన్నా, అంతకుముందు ఆ పదార్థం ప్రవర్తించే తీరే నన్ను ఎక్కువ పట్టి లాగుతుంది.

1986లో బెడ్నార్జ్, ముల్లర్ రాగి ఆక్సైడ్లలో ఈ గుణం కనిపెట్టారు. మరుసటి ఏడాదే నోబెల్ వచ్చింది. అయితే వీటికి మూలమైన లాంథనం కాపర్ ఆక్సైడ్ కరెంటును పారనివ్వదు! పాత లెక్కల ప్రకారం అది లోహం కావాలి. ప్రతి రాగి పరమాణువు దగ్గరా జతలేని ఎలక్ట్రాన్ ఒకటుంది. నెల్లూరు బస్సులో సీట్లన్నీ నిండాక కదలాలంటే పక్కవాళ్ల ఒళ్లో కూర్చోవాలి కదా, ఇక్కడా అంతే. దీన్నే మాట్ ఇన్సులేటర్ అంటారు. కొంత లాంథనం బదులు స్ట్రాన్షియం వేస్తే సీట్లు ఖాళీ అయి కరెంటు పారుతుంది, బాగా చల్లబరిస్తే సూపర్ కండక్టర్ అవుతుంది. అప్పుడు ఎలక్ట్రాన్లు జతలు కట్టి అడ్డులేకుండా సాగుతాయి. ఆ జతలకు బీజం ఆ ఇన్సులేటర్‌లోనే ఉందని 1987లో వాదించిన ముగ్గురు ఆండర్సన్, జౌ, మన తరమణిలోని గణిత విజ్ఞాన సంస్థ మ్యాట్‌సైన్స్‌లో చాలాకాలం పనిచేసిన జి. బాస్కరన్.

ఇక యిట్రియం ఉన్న రాగి ఆక్సైడ్ రకం. యిట్రియం ఆక్సైడ్, బేరియం కార్బొనేట్, కాపర్ ఆక్సైడ్ పొడులను కల్వంలో బాగా నూరి, 900 డిగ్రీలు దాటిన ఫర్నేస్‌లో కాల్చి, ఆక్సిజన్‌లో మెల్లగా చల్లారిస్తే నల్లటి బిళ్ల వస్తుంది. ఆకుపచ్చ కనిపించిందా, పాళ్లో కాల్పో తేడా వచ్చినట్టే. నాలుగు సన్నని తీగలు అతికించి, బయటి రెండింట్లో కరెంటు పంపి, లోపలి రెండింటి మధ్య వోల్టేజీ చూడాలి. చల్లబరిచేకొద్దీ రెసిస్టెన్స్ గీత తిన్నగా దిగుతూ వచ్చి 90 కెల్విన్ (సుమారు మైనస్ 183 సెల్సియస్) ప్రాంతంలో సున్నాకి పడిపోతుంది.

ఆ తిన్నని గీత దగ్గరే ఆగండి. మామూలు లోహమైతే వేడి పెరిగేకొద్దీ రెసిస్టెన్స్ పెరుగుదల ఎక్కడో ఒకచోట నెమ్మదించాలి. స్ట్రాన్షియం వేసిన రకంలో 1000 కెల్విన్ దాకా పెరుగుతూనే ఉంది! ఎలక్ట్రాన్ ఢీకొనకుండా పోయే దూరం పరమాణువుల మధ్య దూరం కన్నా తక్కువని లెక్క తేలుతోంది. అంటే అక్కడ ఎలక్ట్రాన్‌ని విడి కణంగా ఊహించుకోవడమే కుదరదు. ఇది 'స్ట్రేంజ్ మెటల్', అంటే వింత లోహం.

స్ట్రాన్షియం తగ్గిస్తే ఇంకో చిక్కు. సూపర్ కండక్టివిటీ మొదలయ్యే ఉష్ణోగ్రతకు చాలా పైనే, కొన్ని దిశల్లో ఎలక్ట్రాన్లు ఉండగల స్థితులు మాయమవుతాయి. ఈ లోటునే సూడోగ్యాప్ అంటారు. అందులో ఎలక్ట్రాన్లు ముందే జతలు కట్టాయని కొందరు, పోటీపడే వేరే అమరిక ఉందని ఇంకొందరు అంటారు. పోటీ ఉందన్న మాట వరకూ నాకు సందేహం లేదు. యిట్రియం రకంపై 2012లో ఎక్స్‌రేలతో చూస్తే, చల్లబరిచేకొద్దీ ఛార్జ్ అలలు (ఎలక్ట్రాన్లు అలల్లా ఒకచోట ఎక్కువగా, ఒకచోట తక్కువగా ఉండే అమరిక) బలపడి, సూపర్ కండక్టివిటీ మొదలవగానే తగ్గాయి. అయస్కాంత క్షేత్రంతో సూపర్ కండక్టివిటీని అణచివేస్తే ఆ అలలు మళ్లీ పెరిగాయి.