సమాధులు దొరికాయి, ఇళ్ళేవి?

అందరికీ నమస్కారం.

పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియం చూడనివాళ్ళు ఈ హాల్లో తక్కువే ఉంటారు. కాకపోతే చాలామంది నేరుగా మమ్మీ దగ్గరికెళ్ళి, సెల్ఫీ కుదరక, అటునుంచి అటే బయటికొచ్చేస్తారు. ఈసారి వెళ్తే ఇనుపయుగపు కుండల దగ్గర కాసేపు ఆగండి. లోపల నలుపు, బయట ఎరుపు. మన ఊళ్ళలో రాక్షస గుళ్ళంటామే, ఆ సమాధుల్లో పెట్టిన సామాను అది. ఆ కాలపు సమాధులు మౌలాలిలో బయటపడ్డాయి, సెంట్రల్ యూనివర్సిటీ క్యాంపస్‌లోనూ బయటపడ్డాయి. చచ్చినవాళ్ళ సంగతి ఇంత తెలిసింది. మరి బతికినన్నాళ్ళూ వాళ్ళు ఎక్కడ వండుకున్నారు, ఎక్కడ పడుకున్నారు?

పోలండ్‌లో తవ్వకంలో బయటపడ్డ ఇనుపయుగపు ఊరు బిస్కుపిన్ చూశాక నన్ను ఈ ప్రశ్న వదల్లేదు. 1933లో ఒక బడిపంతులు అక్కడి సరస్సు ఒడ్డున నీళ్ళలోంచి పొడుచుకొచ్చిన కొయ్యలు గమనించాడు. మరుసటి ఏడాదే తవ్వకం మొదలైంది. బురదలో గాలి సోకక కలప కుళ్ళలేదు. చెట్టు వలయాలు లెక్కపెడితే, సగానికి పైగా దుంగలు క్రీ.పూ. 738–737 చలికాలంలో నరికినవని తేలింది. మన దగ్గర మట్టిగోడ వానకు కరిగింది, వాసాలు చెదలు తిన్నాయి. అదృష్టం బాగుంటే గుంజ పాతిన గుంట మిగులుతుంది, నల్లటి మరకలా.

బిస్కుపిన్‌లో కోటగోడలో కొంత, ఇళ్ళ వరుసలు తిరిగి కట్టారు. వీధంతా అడ్డంగా పరిచిన దుంగలే. గుమ్మాలన్నీ దక్షిణానికే. లోపల ముందు చిన్న వసారా, తర్వాత రాళ్ళు పేర్చిన పొయ్యి ఉన్న గది. ఇళ్ళన్నీ ఇంచుమించు ఒకే సైజు కాబట్టి అక్కడ అందరూ సమానులే అన్నవాళ్ళున్నారు. నాకంత నమ్మకం లేదు. మన హౌసింగ్ బోర్డు కాలనీల్లోనూ ఇళ్ళు ఒకటే సైజు కదా!

అడుగు దుంగలు తవ్వకంలో దొరికినవాటిని చూసి వేసినవి. పైకప్పు మాత్రం ఊహ. అసలు వస్తువులు పక్కనున్న మ్యూజియంలో ఉన్నాయి. ముందు అవి చూసి ఇళ్ళలోకి వెళ్తే ఏది సాక్ష్యమో, ఏది ఊహో మనకే తెలుస్తుంది. వరస తిరగేసి ముందు ఇళ్ళు చూస్తే అంతా నిజమే అనిపిస్తుంది.

మన నారాయణపేట జిల్లా ముడుమాల్ నిలువురాళ్ళు 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాకెక్కాయి. రేపు జనం వస్తారు, ఆ రాళ్ళు నిలబెట్టినవాళ్ళ ఇల్లేదని పిల్లలు అడుగుతారు. ఒక్క గుడిసైనా కడదాం. తాటాకు కప్పాలా, బోదగడ్డి కప్పాలా అని కొట్లాడుకుందాం. ఆ కొట్లాట కూడా బోర్డు మీద రాసిపెడదాం.