అక్క కూడా పిల్లే

శ్రోతలకు నమస్కారం.

మన భాషలో ఒక చిక్కు ఉంది. ఒకే తల్లి కడుపున పుట్టిన ఇద్దరు ఆడపిల్లల గురించి చెప్పాలంటే, ఎవరు ముందు పుట్టారో కూడా చెప్పక తప్పదు. ఒకరు అక్క, ఒకరు చెల్లెలు. ఇంట్లో ఎవరూ ‘సోదరీ’ అని పిలుచుకోరు కదా! తల్లి ఉన్నంతకాలం ఈ తేడా ఆటల్లో, అలకల్లో గడిచిపోతుంది. ఆమె పోయిన రోజున ‘అక్క’ అనే రెండక్షరాల మీద ఇంటి బరువంతా వచ్చి పడుతుంది. పరామర్శకు వచ్చినవారు పెద్దపిల్ల తల నిమిరి, “ఇకమీదట చెల్లికి నువ్వే అమ్మవి” అంటారు. ప్రేమతోనే అంటారు. కానీ నాకు ఆ మాట మీద కోపం. పన్నెండేళ్ళ పిల్ల ఏడవబోయి, ఆ మాట విని ఊరుకుంటుంది.

ఇంగ్లండులోని హావర్త్‌లో 1821 సెప్టెంబరులో బ్రాంటీ కుటుంబంలో, తరువాత నవలలు రాసి పేరు తెచ్చుకున్న అక్కచెల్లెళ్ళ ఇంట్లో, తల్లి చనిపోయింది. ఆరుగురు పిల్లలు. అందరిలో పెద్దదైన మరియాకు ఏడేళ్ళు. చిన్నది ఆన్‌కు రెండేళ్ళు కూడా నిండలేదు. పిల్లలను చూసుకోవడానికి తల్లి అక్క వచ్చి, 1842లో చనిపోయేదాకా ఆ ఇంట్లోనే ఉండిపోయింది. చూడండి, అక్కడా అక్కే! మరియా వార్తాపత్రికలు చదివి, వాటిలోని సంగతులు చిన్నవాళ్ళకు చెప్పేదట. 1825లో మే నెలలో మరియా, జూన్‌లో రెండోదైన ఎలిజబెత్ క్షయతో పోయారు. మూడో పిల్ల షార్లట్, తొమ్మిదేళ్ళకే, ఇంటికి పెద్దదైంది.

ఆప్తులను పోగొట్టుకున్న మనిషి ఎప్పుడూ దుఃఖంలోనే ఉండిపోడనీ, కాసేపు అందులో మునిగి, కాసేపు రోజువారీ పనుల్లో పడుతూ కోలుకుంటాడనీ 1999లో మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు వివరించారు. పసివాళ్ళలో ఇది మరీ త్వరగా జరుగుతుంది. ఇప్పుడే వెక్కివెక్కి ఏడ్చిన చెల్లెలు అంతలోనే బొమ్మతో నవ్వుతుంది. అక్కకు ఒళ్ళు మండుతుంది. “అప్పుడే అమ్మను మరిచిపోయావా?” చెల్లెలేమీ మరిచిపోలేదు. అక్కకే ఆడుకునే తీరిక లేదు.

ఆడపిల్ల ఈడేరితే ‘పెద్దమనిషి అయింది’ అంటాం. ఈ అక్క అంతకుముందే పెద్దమనిషి అయిపోయింది. తీరా ఆ రోజు వచ్చేసరికి అడగడానికి అమ్మ లేదు. తనకు ఎవరూ చెప్పని సంగతులను, చెల్లెలి వంతు వచ్చినప్పుడు, అన్నీ తెలిసినట్టే చెబుతుంది.

చెల్లెలికి లెక్క తెలిసేది తనకూ పన్నెండేళ్ళు వచ్చాకే. అద్దంలో తనను చూసుకుని ఉలిక్కిపడుతుంది: అప్పుడు అక్క ఇంత చిన్నదా? అంతవరకూ అక్క పెత్తనం చేస్తోందని సణిగిన పిల్ల, నన్నడిగితే, పెద్దమనిషి అయింది ఆ రోజునే.

‘తోబుట్టువు’ అని మనకు మరో మాట ఉంది. తోడ పుట్టినవారు అని. అందులో పెద్దా చిన్నా లేదు.

మిగిలిన అక్కచెల్లెళ్ళు షార్లట్, ఎమిలీ, ఆన్ పెద్దయ్యాక రాత్రిళ్ళు భోజనాల బల్ల చుట్టూ నడుస్తూ, తాము రాస్తున్న కథల గురించి మాట్లాడుకునేవారు. పక్కపక్కనే నడుస్తున్నప్పుడు ఎవరు అక్కో, ఎవరు చెల్లెలో ఎవరికి కావాలి? 1848 డిసెంబరులో ఎమిలీ, మరుసటి మే నెలలో ఆన్ పోయారు. ఆ తరువాత కూడా షార్లట్ రాత్రిపూట ఆ బల్ల చుట్టూ నడిచేది, ఒంటరిగా.