ముదరడం వేరు, పండడం వేరు

శ్రోతలకు నమస్కారం.

"వాడికి వయసొచ్చింది గానీ బుద్ధి రాలేదు" అని అలవోకగా అనేస్తుంటాం. ఎదగడం ఒకటి, పండడం ఇంకొకటి అన్న ఎరుక ఆ మాటలోనే ఉంది. చెట్టు దగ్గర మన భాష ఈ విషయంలో మరీ నిక్కచ్చిగా ఉంటుంది. పూత పిందె అవుతుంది, పిందె కాయవుతుంది, లేతకాయ ముదురుతుంది, దోరకొస్తుంది, ఆ తర్వాతే పండు. కోసి దాచిపెడితే మాగడం, శ్రుతి మించితే మిగలముగ్గడం. ఇన్ని మెట్లకు ఇన్ని మాటలు పెట్టుకున్నవాళ్లం, మనిషి దగ్గరికొచ్చేసరికి అన్నీ కలిపేసి "మెచ్యూరిటీ" అంటున్నాం.

కాయ ముదరడమంటే గింజ గట్టిపడి, లోపల పిండిపదార్థం నిండి, ఇక కోసినా పండగలిగే స్థితికి చేరడం. పండడం ఆ తర్వాతి పని. అప్పుడు పిండి చక్కెరగా మారుతుంది, పులుపు తగ్గుతుంది, కణాలను పట్టి ఉంచే పెక్టిన్ కరిగి కండ మెత్తబడుతుంది, ఆకుపచ్చ రంగు విరిగి పసుపో ఎరుపో బయటపడుతుంది. అరటి, మామిడి, యాపిల్, టమాటా లాంటివాటిలో ఈ పనికి తాళం తీసేది ఎథిలీన్ అనే వాయువు. పండ్లు దాన్ని తామే తయారుచేసుకుంటాయని 1934లో రుజువైంది. ఒక్క పండు బాగా మాగితే పక్కనున్న కాయలు కూడా తొందరపడటానికి కారణం అదే. ద్రాక్ష, నిమ్మ, నారింజల దారి వేరు. వాటిని కోశాక ఎన్నాళ్లు దాచినా తీపి పెరగదు. అవకాడో ఇంకో వింత, అది చెట్టున ఉన్నంతకాలం ముదురుతుందే గానీ పండదు.

ముదరని కాయను బలవంతంగా మాగబెడితే పైన రంగొస్తుంది, లోపల రుచి రాదు. "పిందెలోనే పండాడు" అనే ఎత్తిపొడుపు అర్థం ఇదే. మధ్యలో ఉన్న మెట్లు ఎక్కకుండానే పైకొచ్చినవాడని.

మనుషుల మీద వాడినప్పుడు ఈ రెండు క్రియల బతుకులు ఎలా విడిపోయాయో చూడండి. రోగం ముదురుతుంది, గొడవ ముదురుతుంది, పిచ్చి ముదురుతుంది. "వాడు ముదురు" అంటే జాగ్రత్త అని హెచ్చరిక. బెండకాయ ముదిరినా, బ్రహ్మచారి ముదిరినా అన్న సామెత సరేసరి. ఒకరిని మెచ్చుకుంటూ "ముదిరాడు" అనగా నేనైతే వినలేదు. పండడం మాత్రం ఎక్కువగా శుభవార్తే. నోము పండుతుంది, కడుపు పండుతుంది, గోరింటాకు పండుతుంది, సలహా కావాలంటే తలపండినవారి దగ్గరికి వెళ్తాం. మరి పాపం కూడా పండుతుంది కదా అంటారేమో. నిజమే. పండడమంటే తీపెక్కడం ఒక్కటే కాదు, ఫలితం చేతికొచ్చే వేళ కావడం. అది తీపో చేదో వేసిన విత్తును బట్టి.

సంస్కృతం నుంచి వచ్చిన మాటలది మరో తీరు. పక్వం అంటే పండినదీ, వండినదీ కూడా. పచనం, పాకం దాని చుట్టాలే. అందుకే వ్యవహారం కొలిక్కి వచ్చే దశలో "పాకాన పడింది" అంటాం. ప్రౌఢలో మోయడం అనే అర్థమున్న ధాతువుంది. పరిణతిలో వంగడం అనే అర్థమున్నది ఉంది, పరిణామం కూడా అక్కడి నుంచే. మనిషికి ఈ మూడింటిలో పరిణతే సరిపోతుందని నా అభిప్రాయం. నిన్నటి పట్టుదలను ఇవాళ కొంచెం వంచుకోగలగడం వయసుతో దానంతటదే రాదు. డెబ్బై ఏళ్లొచ్చినా ముదిరి మాత్రమే ఊరుకున్నవాళ్లు మనందరికీ తెలుసు.

ఇక "పెద్దమనిషి". ఆయన పెద్దమనిషి అంటే నడవడికకు ఇచ్చే గౌరవం. అమ్మాయి పెద్దమనిషైంది అంటే ఒంటికి సంబంధించిన కబురు. ఆ రెండో అర్థానికి ఇప్పుడు "మెచ్యూర్ అయింది" అంటున్నారు. బీమా పాలసీ కూడా మెచ్యూరే అవుతుంది, కాకపోతే దానికి తేదీ ముందే కాగితం మీద ఉంటుంది. పన్నెండేళ్ల పిల్ల శరీరంలో ఒక మార్పు మొదలైతే, ఆటలు మాని పెద్దదానిలా మసలుకోవాలని ఇల్లంతా పాఠాలు చెబుతుంది. ఆమెకు జరిగింది ఎదుగుదలలో ఒక మెట్టు, అంతే. ఆలోచించి నిర్ణయం తీసుకోవడానికీ, ఉద్రేకాన్ని అదుపులో పెట్టుకోవడానికీ తోడ్పడే మెదడు ముందుభాగం ఇరవై దాటాక కూడా, సుమారు 25 ఏళ్ల వరకు ఎదుగుతూనే ఉంటుంది. ఆడపిల్లకైనా, మగపిల్లవాడికైనా లెక్క ఇదే. మగపిల్లవాడి విషయంలో మనకు ఆ తొందర ఎందుకుండదో మాత్రం ఏ శాస్త్రాన్నీ అడగనక్కర్లేదు.

నమస్కారం.