చారల చేప దగ్గర తొలి రోజులు

శ్రోతలకు నమస్కారం. విశాఖలో చేప అనగానే ఎవరికైనా ఫిషింగ్ హార్బరు, వంజరం, చందువ గుర్తుకు వస్తాయి. ఈ నగరంలో ఒక జన్యు పరిశోధనశాలలో చేరిన రోజున నాకు అప్పగించిన చేప మాత్రం వేలెడంత కూడా లేని, ఒంటినిండా నీలి చారలున్న జీబ్రా చేప. 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగానది చేపలను గురించి రాస్తూ వర్ణించిన మన దేశపు చేపే ఇది. అమెరికాలోని ఆరెగాన్ విశ్వవిద్యాలయంలో జార్జ్ స్ట్రైసింగర్ దీనిని జన్యు పరిశోధనకు అనువుగా మలచి, 1981లో ఆ ఫలితాలను ప్రకటించారు. మనిషి జన్యువుల్లో సుమారు 70 శాతానికి సాటి జన్యువులు ఈ చేపలో ఉన్నాయని 2013లో తేలింది.

జన్యువుల మీద పనిచేయాలని వచ్చినవారికి ముందుగా నేర్పేది నీళ్ల సంగతి. నీరు 28.5 డిగ్రీల వద్ద నిలకడగా ఉండాలి. రోజుకు 14 గంటలు వెలుతురు, 10 గంటలు చీకటి తప్పకూడదు. దీనిని చాకిరీగా చూసేవారితో నేను ఏకీభవించను, ఎందుకంటే నీరు చెడితే చేప సరిగ్గా గుడ్లు పెట్టదు, గుడ్లు లేనిదే ప్రయోగం లేదు.

సాయంత్రం ఆడ, మగ చేపలను ఒకే తొట్టిలో నడుమ అడ్డుపలకతో ఉంచి, మర్నాడు దీపాలు వెలిగాక ఆ పలకను తీస్తే, కాసేపటికే గుడ్లు తొట్టిలోని జల్లెడ గుండా అడుగుకు రాలుతాయి. జల్లెడ లేకపోతే తల్లిదండ్రులే వాటిని తినేస్తాయి. సూక్ష్మదర్శినిలో చూస్తే గుడ్డు గాజుపూసలా ఉంటుంది. సుమారు 45 నిమిషాలకు ఒక కణం రెండవుతుంది. జన్యువును ఎంచుకున్న చోట కత్తిరించి మార్చే క్రిస్పర్ ద్రావణాన్ని సన్నని గాజుసూదితో ఆలోపే ఎక్కించాలి. మరుసటి రోజుకు గుండె కొట్టుకోవడం కనిపిస్తుంది. తొలిసారి చూసిన ఆ ఉదయం నేను చాలాసేపు కుర్చీలోంచి లేవలేకపోయాను.

తెల్లబారిన చచ్చిన గుడ్లను ఏరివేయడం ఒక సాయంత్రం మరచిపోయాను. తెల్లవారేసరికి బూజు పట్టి, బతికి ఉన్నవి కూడా పాడైపోయాయి. ఆ నష్టానికి ఇప్పటికీ బాధపడతాను.

సూది వేసిన పిల్లలు పెద్దవి కావడానికి సుమారు మూడు నెలలు పడుతుంది. వాటి సంతానంలో మార్పు దిగిందో లేదో చూడాలంటే మళ్లీ ఒక తరం పెంచాలి. అందుకే ప్రతి తొట్టికీ పుట్టిన తేదీ రాసిన చీటీ అంటిస్తాం. నా చేతి రాతతో ఉన్న మొదటి చీటీ కింద ఇప్పుడు పన్నెండు చేపలు ఈదుతున్నాయి.